ఎముకల సారు మెదడు జోలికి పోయిన కథ

ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను ఎక్కువగా పలికిన మాటలు రెండు. ఒకటి: "గాలి గుంజు, ఆపు, ఇగ ఇడువు." రెండోది: "ఫోటో అబద్ధం చెప్పదు." మొదటి మాటవల్ల ఎవరికీ పెద్దగా నష్టం జరగలేదు. ఒక్కసారి మాత్రం "ఆపు" అన్నాక ఫోను మోగితే ఎత్తి, "ఇడువు" అనడం మరిచిపోయాను. ఎదురుగా నిలబడ్డ రైతు పాపం మాట తప్పని మనిషి. ముఖం కందగడ్డలా అయ్యేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రెండో మాటవల్ల మాత్రం ఒక ఆడపిల్ల ప్రాణం మీదికి వచ్చింది.

బాన్సువాడలో ఒక దవాఖానలో నేను ఎక్స్‌రే తీసేవాణ్ణి. రిటైరై రెండేళ్లయింది. ఈ మధ్య ఇదే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికి వచ్చి "మీ అనుభవాలు చెప్పండి సార్" అని అడిగారు. గొప్పలు చెప్పుకోవడానికి కావలసినన్ని ఉన్నాయి. ముగ్గురు డాక్టర్లకు దొరకని సేఫ్టీ పిన్నును ఒక పసిపిల్ల గొంతులో నేను కనిపెట్టిన కథ మా చుట్టాలందరికీ కంఠతా వచ్చు. కానీ నా గొప్పల వల్ల మీకు ఒరిగేది తక్కువ. అందుకని నా పొరపాటు చెబుతాను. శ్రద్ధగా వినండి, మీరూ ఎప్పుడో చేస్తారు.

ఇంకో మూడేళ్లలో రిటైరవుతాననగా మా ఎక్స్‌రే మిషను చెడిపోయింది. బాగుచేసేవాళ్లు వచ్చేదాకా నేను కుర్చీలో కూర్చొని గోడ మీది బల్లుల్ని లెక్కపెడుతున్నాను. సరిగ్గా అప్పుడే హైదరాబాద్ నుంచి ఒక మానసిక వైద్యుల బృందం వచ్చింది. చెవిలో ఎవరో మాట్లాడినట్టు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనిపించడం, ఇలాంటి బాధ కొత్తగా మొదలైన వయసు పిల్లల మెదళ్లను ఎమ్మారై తీసి చూడటం వాళ్ల పని. అదే వయసులో, అంతే చదువుకొని, ఏ బాధా లేనివాళ్ల మెదళ్లు కూడా తీసి రెంటినీ పోల్చి చూస్తారట. ఊళ్లు తెలిసిన మనిషి, నాలుగు మాటలు చెప్పి జనాన్ని ఒప్పించగల మనిషి, ఫోటోల గురించి కాస్తో కూస్తో తెలిసిన మనిషి కావాలన్నారు. మా పెద్ద డాక్టరు గారు నావైపు చూశారు. అప్పటికి నేను పదకొండో బల్లి దగ్గర ఉన్నాను.

ఆ బృందానికి పెద్ద ఒక డాక్టరమ్మ. నలభై కూడా ఉండవు. నడిస్తే మనం పరుగెత్తాలి. ప్రతి గురువారం బాన్సువాడ వచ్చి రోగులను చూసేది. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి విషయం వివరించింది. మెదడులో ఆలోచనలు పుట్టే భాగాలు వేరు, వాటిని ఒకదానితో ఒకటి కలిపే తీగల్లాంటి నరాల కట్టలు వేరు. ఆ కట్టల్ని తెల్ల పదార్థం అంటారు. ఆ తీగల వెంట నీటి అణువులు ఎటు ఎంత సులువుగా జారుతున్నాయో ఎమ్మారై కొలుస్తుంది. దాన్నిబట్టి తీగలు ఎట్లా ఉన్నాయో అంచనా వేస్తారు.

నిజాంసాగర్ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, నాకు వెంటనే అర్థమైంది. "అంటే కాలువలు చూసినట్టు మేడం" అన్నాను.

"ఇంచుమించు అంతే సార్. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఒక్క మనిషి ఫోటో చూసి రోగం ఉందనీ లేదనీ చెప్పలేం. చాలామందివి కలిపి చూస్తే, ఈ గుంపుకూ ఆ గుంపుకూ సన్న తేడా ఏదైనా ఉందేమో తెలుస్తుంది. స్కాన్‌లో రోగం బయటపడుతుందని పొరపాటున కూడా ఎవరికీ చెప్పకండి."

ఆ మాటే రాసి ఉన్న ఒప్పుదల కాగితం నా చేతిలో పెట్టింది. రెండు పేజీలు. "సదరు పరీక్ష వలన మీకు వ్యక్తిగత ప్రయోజనము కలుగకపోవచ్చును" అంటూ రిజిస్ట్రీ ఆఫీసు దస్తావేజులా సాగింది. నేను సగం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఎమ్మారై మిషను హైదరాబాద్‌లో ఉంది కాబట్టి, జనాన్ని అక్కడికి తీసుకుపోవడానికి మాకు ఒక వ్యాను ఇచ్చారు. డ్రైవరు నా ఈడువాడే. దెగ్లూరు వైపు మనిషి, కోపమొస్తే మరాఠీలో తిట్టేవాడు, ప్రేమ పుట్టినా మరాఠీలోనే తిట్టేవాడు. నాలుగు రోజులు డాక్టరమ్మ మాటలు విన్నాడో లేదో, తనే వ్యానులో పాఠం మొదలుపెట్టాడు. "మెదడుల గూడ రోడ్లుంటయ్ అన్నా. గుంతలు పడితే బండి దడదడలాడతది. గా గుంతలను చూడనీకే పోతున్నం." ఆ సమయంలో వ్యాను ఎల్లారెడ్డి దాటి నిజమైన గుంతల్లో పడి దడదడలాడుతూ ఉండేది కాబట్టి, వెనక కూర్చున్నవాళ్లకు పాఠం బాగా ఒంటబట్టేది.

అసలు స్కాన్లు మొదలుకాక ముందు, మిషను సెట్టింగులు సరిచూడటానికి ఒక మనిషి తల కావలసి వచ్చింది. నేను ఉబలాటంగా ముందుకొచ్చాను. ముప్పై ఏళ్లు ఇతరులను "కదలకు" అన్నవాణ్ణి, ఒకసారి నేనూ కదలకుండా పడుకుందామని. పడుకున్నాను. అరగంట పాటు తల పక్కన బోరు వేస్తున్నట్టు మోత. బయటికి వచ్చాక చూస్తే డాక్టరమ్మ తెర వైపు వంగి ఉంది.

"సార్, మీకు బీపీ ఉందా?"

"ఎప్పుడూ చూసుకోలేదు మేడం."

"చూపించుకోండి. తెల్ల పదార్థంలో చిన్న చిన్న మచ్చలు ఉన్నాయి. వయసుతో చాలామందికి వస్తాయి, కంగారు పడకండి. ఉప్పు తగ్గించండి."

ఇంటికి వచ్చి మా ఆవిడకు ఈ వార్త వీలైనంత తేలిగ్గా చెప్పాను. ఆమె పప్పు రుబ్బడం ఆపకుండా, "మీ మెదడు మీద నాకు ముందునుంచి అనుమానమే. గవర్నమెంటుకు ఇప్పుడు తెలిసింది" అంది. బీపీ గోలీలు మొదలయ్యాయి. వాళ్లిచ్చిన నా స్కాన్ ఫిల్మును బీరువాలో ఆమె పట్టుచీరల కింద దాచాను.

ఇక ఊళ్లలో తిరగడం. బాధ ఉన్నవాళ్లను వెతకడం కష్టమనుకున్నాను. నిజానికి బాధ లేనివాళ్లను వెతకడమే కష్టమైంది. బీర్కూర్‌లో ఒక పెద్ద రైతు ఇంటికి వెళ్లి "మీ అబ్బాయి మంచిగున్నడు గదా, ఒకసారి మెదడు ఫోటో తీయిస్తం" అన్నాను. ఆ అబ్బాయి వాళ్ల నాయనమ్మ గడపలోంచి, "మంచిగున్నోనికి ఎందుకయ్యా ఫోటో? మంచిగుంటే గిన్నిసార్లు ఇంటర్ తప్పుతడా?" అంది. ఆ రైతేమో కాలువల సంగతి విని ఒక ప్రశ్న వేశాడు. "మాది చివరాయకట్టు సార్. నీళ్లు రాకుంటే తూములు తిప్పే లష్కరును పట్టుకొని అడుగుతం. మెదడుకు లష్కరు ఎవ్వలు?" ఈ ప్రశ్నను గురువారం డాక్టరమ్మకు చేరవేశాను. ఆమె రాస్తున్న కలం ఆపి, "అది తెలిస్తే నేనింత దూరం ఎందుకు వస్తాను సార్" అంది.

ఇంకొకాయన కొడుకు మెదడు బాగుందని సర్టిఫికెట్ ఇస్తేనే పంపిస్తానన్నాడు. ఇంకొకడు తాయెత్తు తీయనన్నాడు, ఎమ్మారై గదిలోకి లోహం పోకూడదంటే, "తాయెత్తు తీస్తే దయ్యం పడతది, దయ్యం పడితే నేను బాధ లేనోళ్ల గుంపుల ఎట్ల ఉంట సార్?" అని అడిగాడు. వాదన బలంగా ఉంది. వాణ్ణి వదిలేశాం.

ఇలా నడుస్తుండగా నస్రుల్లాబాద్ దగ్గర ఒక తండాలో ఆ అమ్మాయి సంగతి తెలిసింది.

బాన్సువాడలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. తల్లి చిన్నప్పుడే పోతే నానమ్మ పెంచింది. తండ్రికి కొంచెం పొలం, మిగతా రోజులు చెరుకు నరకడానికి పోతాడు. ఆర్నెల్లుగా ఆ పిల్లకు రెండు గొంతులు వినిపిస్తున్నాయి. ఒకటి ఆమె చేసే ప్రతి పనినీ క్రికెట్ కామెంటరీలా చెబుతుందట, ఇంకొకటి తిడుతుందట. డాక్టరమ్మ చూసి గోలీలు రాసింది. గోలీలతో కొంత నెమ్మదించింది. పరిశోధనకు సరిగ్గా సరిపోయే మనిషి. కాకపోతే ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి.

తండ్రి ఒప్పుకోలేదు. "పట్నం దాక ఎందుకు సార్? గోలీలు మింగుతుంది గదా."

నేను జేబులోంచి ఒప్పుదల కాగితం తీశాను. "సదరు పరీక్ష వలన" అని మొదలుపెట్టేసరికి ఆయన చూపు పొలం వైపు పోయింది. కాగితం మడిచేశాను. నా సొంత తెలివి ప్రయోగించాను.

"అన్నా, మొన్న నీ చెయ్యి ఇరిగితే ఎవ్వలు తీసిండ్రు ఫోటో?"

"నువ్వే గదా."

"ఎక్కడ ఇరిగిందో కనపడ్డదా లేదా?"

"కనపడ్డది."

"ఇది గూడ గంతే. లోపల ఏం చెడిందో ఫోటోల పడుతది. ఫోటో అబద్ధం చెప్పదు."

ఆయన ముఖం తేటపడింది. వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. అమ్మాయి కూడా పెట్టింది. దారిలో డ్రైవరు "మస్తు ఒప్పించినవ్ అన్నా" అన్నాడు. నేనూ మీసం తడుముకున్నాను. డాక్టరమ్మ ఏది చెప్పొద్దందో సరిగ్గా అదే చెప్పానన్న స్పృహ అప్పుడు నాకు లేదు. ఉంటే బాగుండేదని ఇప్పుడు చెప్పడం సులువు.

స్కాన్ రోజు అమ్మాయితో నానమ్మ వచ్చింది. తండాలో ఆ వయసు ఆడవాళ్లకు ఒంటి మీద వెండి, అద్దాలు, చెవుల పక్కన వేలాడే గొలుసులు ఎన్నుంటాయో మీకు తెలుసు. మనుమరాలి పక్కన కూర్చుంటానని పట్టుబట్టింది. లోహం ఏదీ లోపలికి రాకూడదని చెప్పాం. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత బల్ల మీద కూర్చొని ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. కాలి కడియాలకు సబ్బు నీళ్లు కావలసి వచ్చాయి.

"పెండ్లైన కాన్నుంచి ఒంటి మీది సొమ్ము దిగలే సార్. గీ పొల్ల కోసం దిగింది," అంది. "జాగ్రత్త. ఒక్కటి తక్కువైతే నిన్ను ఇడువ."

నేను పక్క గదిలో మైకు ముందు నలభై నిమిషాలు ఆ మూటను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. దేవుడి నగలు కూడా అంత భక్తిగా ఎవరూ కాపలా కాసి ఉండరు.

అమ్మాయి అస్సలు కదల్లేదు. అందరికంటే చక్కటి చిత్రాలు ఆమెవే వచ్చాయని అక్కడి టెక్నీషియన్ మెచ్చుకున్నాడు. బయటికి వచ్చాక నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"సార్, లోపల ఒక గొంతు వినిపించింది."

చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూశాను. "ఏమన్నది బిడ్డా?"

"'కదలకు, ఇంక పది నిమిషాలే' అన్నది."

"అది నేనేనమ్మా! మైకులో నేనే చెప్పిన!"

"తెలుసు సార్," అంది ముఖం ఏమాత్రం మార్చకుండా. "మీరు భయపడతరా లేదా అని చూసిన."

ఆర్నెల్లుగా గొంతుల పోరు పడుతున్న పిల్ల, ఆ గొంతులతోనే నన్ను ఆటపట్టించింది. తిరుగు ప్రయాణమంతా నవ్వుతూనే ఉన్నాం. నానమ్మ మాత్రం కడియాలు తిరిగి ఎక్కించుకోవడంలో మునిగిపోయింది.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. కణితి, రక్తస్రావం లాంటి ప్రమాదాలు ఏమైనా ఉన్నాయేమోనని మామూలుగా చూసి ఇచ్చే కాగితం అది. అన్నీ మామూలుగా ఉన్నాయని రాశారు. ఫిల్ముతో సహా డ్రైవరు చేత తండాకు పంపించేశాను. సంతోషకరమైన వార్తే కదా అనుకున్నాను.

తర్వాత మూడు వారాలు ఆ పిల్ల గురువారాలు రాలేదు. పరీక్షలేమో అనుకున్నాం.

నాలుగో గురువారం పొద్దున, ఆ నానమ్మ ఒంటి మీది వెండి గలగలలాడుతుండగా దవాఖాన మెట్లెక్కి నేరుగా నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, నీ ఫోటో జేసింది గిదంత."

"ఏమైంది అవ్వా?"

"ఫోటోల ఏం లేదని కాయితం ఇచ్చిండ్రు గదా. మా కొడుకు ఏమన్నడు? ఏం లేకుంటే గోలీలు ఎందుకు, కాలేజ్ ఎగ్గొట్టనీకి నాటకమాడుతుంది అన్నడు. గోలీలు పారేసిండు. పొల్ల గూడ గట్లనే అన్నది, నాకేం లేదంట అని. ఇప్పుడు నాలుగొద్దుల సంది అన్నం ముడుతలేదు. ముట్టొద్దని గా గొంతులు చెప్తున్నయంట. గోడ దిక్కు ముఖం పెట్టి కూసుంది." ఆమె నా బల్ల మీద చేత్తో కొట్టింది. "ఫోటో అబద్ధం చెప్పదన్నవ్ గదా? మరి గిదేంది?"

 ముప్పై మూడేళ్లలో నా బల్ల మీద అంత గట్టి దెబ్బ ఎవరూ కొట్టలేదు. నిజానికి ఆ దెబ్బ నాకే తగలాల్సింది.

డాక్టరమ్మ అప్పటికే వచ్చి రోగులను చూస్తోంది. నేరుగా ఆమె దగ్గరికి పోవాల్సింది. పోలేదు. సిగ్గు. నేను చెడగొట్టింది నేనే బాగుచేసి, ఆ తర్వాత ఆమెకు ముఖం చూపిద్దామనుకున్నాను. అవ్వను వ్యాను ఎక్కించి, దారిలో మా ఇంటి దగ్గర ఆపించాను. బీరువా తెరిచి పట్టుచీరల కింది నుంచి నా ఫిల్ము లాగాను. మా ఆవిడ చూసింది.

"ఎక్కడికి దాన్ని?"

"తండాలో చూపించాలి."

"ఇన్ని రోజులు నాకే చూపియ్యకుండ దాచి, ఇప్పుడు ఊరూరా తిప్పుతున్నరా?" అంది. నేను ఫిల్ము చంకలో పెట్టుకొని బయటపడ్డాను.

అవి వరి కోతల రోజులు. తండా ముందు రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. తండ్రి ఆ వడ్లలో కాళ్లు ఈడుస్తూ తిరగబోస్తున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు.

"అన్నా, నేను తప్పు చెప్పిన," అన్నాను.

"ఏం తప్పు?"

"ఎముక ఇరిగితే కనపడ్డట్టు ఇది గూడ కనపడుతదన్న. కనపడది. డాక్టరమ్మ చెప్పొద్దన్నది. నేనే చెప్పిన."

ఆయన ఆగాడు. "గంత పెద్ద పట్నం, గంత పెద్ద మిషను. అంత సక్కగుందని కాయితం ఇచ్చిండ్రు. కాయితం అబద్ధమా సార్, నువ్వు అబద్ధమా?"

"కాయితం నిజమే. నేనే అబద్ధం."

చుట్టూ పది మంది చేరారు. వడ్లు ఎత్తేవాళ్లు, మేకల వెంట పోయేవాళ్లు, ఊరికే ఉన్నవాళ్లు. ఇంటి గుమ్మంలో చీకట్లో అమ్మాయి కూర్చొని ఉంది. సన్నబడి, జుట్టు చిక్కుపడి ఉంది. నేను గుమ్మం దగ్గరికి వెళ్లి అడిగాను. "బిడ్డా, నీ ఫోటో ఒకసారి నాన్నకు చూపిస్త. నీకు ఇష్టమేనా?" చాలాసేపటికి తలూపింది.

ఆమె ఫిల్ము ఒక చేత్తో, నా ఫిల్ము ఇంకో చేత్తో పట్టుకున్నాను. పేర్లున్న మూలలు బొటనవేళ్లతో మూసి, రెంటినీ ఎండకు ఎత్తాను.

"అందరు చూడుండ్రి. గీ రెండిట్ల ఏది మంచిగుంది, ఏది ఖరాబుంది?"

గుంపు దగ్గరికి జరిగింది. మెడలు పైకెత్తారు. డ్రైవరు కూడా చేరాడు. ఎక్కువసేపు పట్టలేదు. అందరి వేళ్లూ ఒకే ఫిల్ము మీదికి లేచాయి.

"గిదే. తెల్ల తెల్ల మచ్చలున్నయ్ సూడు."

"మస్తు ఖరాబున్నట్టుంది."

"పాపం, ఎవ్వల పొల్లగాడో," అంది నానమ్మ. "గిది తిరిగి మనిషైతదా సార్?"

"అది నాదే అవ్వా," అన్నాను.

లేచిన వేళ్లు ఒక్కొక్కటే దిగాయి. తర్వాత గుమ్మంలోంచి చిన్న గొంతు వచ్చింది.

"సార్ మెదడుల చుక్కల ముగ్గు ఏసిండ్రు."

మొదట డ్రైవరు నవ్వాడు. తర్వాత అందరూ. అమ్మాయి నవ్విందో లేదో చీకట్లో సరిగ్గా కనిపించలేదు. నానమ్మ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పిల్ల తనంతట తాను మాట్లాడి నాలుగు రోజులైందట.

నేను ఊపందుకున్నాను. "చూడన్నా, ఖరాబు ఫోటో ఉన్నోణ్ణి నేను నౌకరి చేస్తున్న. నిన్ను ఒప్పించి పట్నం పంపిన. మంచి ఫోటో ఉన్న నీ బిడ్డ అన్నం తింటలేదు. ఫోటోకు అన్నీ తెల్వయ్. బాధ ఉన్నదా లేదా అన్నది నీ బిడ్డ చెప్తేనే తెలుస్తది. ఆమె చెప్పేది నాటకం కాదు."

తండ్రి వడ్ల వైపు తిరిగాడు. మాట్లాడింది అమ్మాయే.

"మీకు గోలీలు ఇచ్చిండ్రా సార్?"

"ఇచ్చిండ్రు."

"దినాం మింగుతున్నరా?"

ఇక్కడ నేను అబద్ధం చెప్పి ఉండొచ్చు. కానీ ఆ రోజుకు నా కోటా అయిపోయింది. "లేదు బిడ్డా. నెల రోజులైంది మానేసి."

"సూసిండ్రా!" అన్నాడు తండ్రి. "సారుకే నమ్మకం లేదు."

"నమ్మకం లేక కాదన్నా. మంచిగనే ఉన్న గదా, ఇంక ఎందుకు అనిపించి."

నోటి నుంచి వచ్చాక ఆ మాట నాకే వినిపించింది. తండ్రికి కూడా వినిపించినట్టుంది. వంగి గుప్పెడు వడ్లు తీసి, మళ్లీ కుప్పలోకే వదిలాడు.

"నా బిడ్డకు గూడ నేను గదే చెప్పిన," అన్నాడు చివరికి, మెల్లగా.

తర్వాత కాళ్లకు అంటిన గింజలు దులుపుకొని, డ్రైవరు వైపు తిరిగి, "బండిల జాగ ఉన్నదా అన్నా?" అని అడిగాడు.

తిరుగు దారిలో డ్రైవరు మెదడు రోడ్ల పాఠం చెప్పలేదు. ప్రతి గుంత దగ్గర బండిని పసిపిల్లను మోసినట్టు మెల్లగా దించి ఎక్కించాడు. ఆ మనిషికి అంత మెల్లగా నడపడం వచ్చునని నాకు ఆ రోజే తెలిసింది.

డాక్టరమ్మ ఆ అమ్మాయితో గంటకు పైగా కూర్చుంది. సెలైన్ పెట్టించింది, మందు మళ్లీ మొదలుపెట్టింది, రెండు రోజులు దవాఖానలోనే ఉంచింది. ఆ తర్వాత నన్ను పిలిచింది.

"స్కాన్‌లో తెలుస్తుందని వాళ్లకు ఎవరు చెప్పారు సార్?"

"నేనే మేడం."

అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే తేలిగ్గా ఉండేది. సొరుగులోంచి ఒప్పుదల కాగితం తీసి నా ముందు పెట్టింది. "చదవండి. గట్టిగా. మొత్తం."

నిలబడి చదివాను, పంతులు ముందు పాఠం అప్పజెప్పే పిల్లాడిలా. రెండు పేజీలూ. "సదరు పరీక్ష వలన మీకు వ్యక్తిగత ప్రయోజనము కలుగకపోవచ్చును" దగ్గర తడబడి, ఆ వాక్యం రెండుసార్లు చదివాను. తలుపు దగ్గర నిలబడి విన్న డ్రైవరు, నేను పూర్తిచేశాక, "అరె, గిందుల గింత మంచి ముచ్చట రాసి ఉన్నదా? ఇన్ని దినాలు మాకు చెప్పనేలేదు" అన్నాడు.

డాక్టరమ్మ పెదవుల మీద చిన్న నవ్వు మెరిసింది. "తప్పు మీ ఒక్కరిదే కాదు సార్. ఈ భాష చూస్తే నాకే నిద్రొస్తుంది. మన మాటల్లో చెప్పండి. కానీ మొత్తం చెప్పండి."

అప్పటినుంచి మొత్తం చెప్పాను. "దీనివల్ల మీకు ఏం ఫాయిదా ఉండదు. రోగం ఉందో లేదో దీంట్ల తెల్వది. ముందు ముందు ఇంకొకరికి పనికి రావొచ్చు, రాకపోవచ్చు." మీరే చెప్పండి, ఇలా బేరం చేస్తే సరుకు అమ్ముడుపోతుందా? సగం మంది "అయితే ఎందుకు సార్?" అని తలుపేసుకున్నారు. కానీ మహమ్మద్ నగర్‌లో ఒక ట్రాక్టరు నడిపే కుర్రవాడు అంతా విని, తల గోక్కొని, "అంటే నాకు ఏం లేదు, ఇంకొకనికి ఉంటదేమో, గంతేనా? సరే పాండ్రి, రేపు ఎట్లా ఖాళీనే" అన్నాడు. నా సర్వీసులో నేను చూసిన పెద్దమనుషుల్లో అతనొకడు.

అమ్మాయి కోలుకోవడానికి నెలలు పట్టింది. ఒకసారి గోలీలు పడక లావైంది, ఇంకోసారి మార్చారు, మధ్యలో రెండుసార్లు "ఇగ నా వల్ల కాదు" అంది. మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. పొద్దున ఏడింటికి ఆమె నాకు ఫోను చేస్తుంది, "మింగిండ్రా సార్?" అని. నేను నీళ్ల గ్లాసు చప్పుడు వినిపించాలి. తర్వాత నేను అడుగుతాను. ఆమె వినిపించాలి. మా ఆవిడ దీన్ని చూసి, "నేను చెప్తే వినలేదు గానీ, ఆ పిల్ల చెప్తే వింటున్నరు" అని కొన్నాళ్లు అలిగింది. ఆ తర్వాత ఆమే ఏడు కొట్టగానే ఫోను తెచ్చి నా చేతిలో పెట్టడం మొదలుపెట్టింది.

గొంతులు పూర్తిగా పోలేదు. "పక్కింట్ల టీవీ లెక్క వినపడతయ్ సార్. వాళ్లు పెట్టుకున్నరు, నాకెందుకు అని నా పని నేను చేసుకుంట," అంటుంది. డిగ్రీ ఒక ఏడాది ఆలస్యంగా పూర్తి చేసింది.

పిల్లలూ, ఇప్పుడు మీ చేతుల్లోకి వచ్చిన మిషన్లను చూస్తే నాకు ఈర్ష్య. మా కాలంలో ఎముక కనిపిస్తే అదే పండుగ. మీకు తలలో నీళ్లు ఎటు జారుతున్నాయో కూడా కనిపిస్తుంది. కాకపోతే మిషను ఎంత గొప్పదైతే, దాని పక్కన నిలబడ్డ మనిషికి అంత పొగరు ఎక్కుతుంది. నాకు ఎక్కింది. జనం మనల్ని అడిగేది ఎప్పుడూ ఒక్కటే: "ఏం కనపడ్డది సార్?" కనిపించనిది కనిపించలేదని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కానీ నాకు ముప్పై ఏళ్లు పట్టింది. మీరు కాస్త ముందుగా నేర్చుకోండి. బీపీ కూడా చూపించుకోండి.

నేను రిటైరయ్యే నెలలో, పరిశోధనలో పాల్గొన్నవాళ్లందరినీ డాక్టరమ్మ బాన్సువాడకు పిలిచింది. ఏం తేలిందో వాళ్లకే ముందు చెప్పాలని ఆమె పట్టుదల. ఒక హాల్లో కుర్చీలు వేశాం. ఛాయ్, సమోసాలు పెట్టించాం. బీర్కూర్ రైతు కొడుకు వచ్చాడు, ఈసారి ఇంటర్ పాసై. ట్రాక్టరు కుర్రవాడు వచ్చాడు. తండా నుంచి అమ్మాయి, తండ్రి, నానమ్మ ముందు వరుసలో కూర్చున్నారు.

తెర మీద ఒక బొమ్మ వేసింది డాక్టరమ్మ. రెండు రంగుల చుక్కలు, బాధ లేనివాళ్లవి నీలం, బాధ ఉన్నవాళ్లవి నారింజ. ఒక్కో చుక్క ఒక్కో మనిషి అని చెప్పింది. నీలం చుక్కలు కొంచెం పైకి, నారింజ చుక్కలు కొంచెం కిందికి ఉన్నాయి. కానీ మధ్యలో చాలా భాగం రెండూ కలిసిపోయి, అటుకుల్లో పుట్నాలు కలిపినట్టు ఉన్నాయి. అందరివీ కలిపి లెక్కేస్తే సన్న తేడా ఉందట. ఒక్క చుక్కను తీసుకొని ఇది ఏ గుంపు అంటే మాత్రం చెప్పలేమట.

అమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, దీంట్ల నాది ఏది?"

"నాకూ తెలియదమ్మా. పేర్లు తీసేశాం. రంగు కనిపించకపోతే గుంపు కూడా చెప్పలేను."

అమ్మాయి లేచి తెర దగ్గరికి వెళ్లింది. బొమ్మలోని వెలుగు ఆమె ముఖం మీద, చీర మీద పడింది. సంతలో టమాటాలు ఏరినంత నిదానంగా చుక్కలన్నీ చూసి, కలిసిపోయినచోట ఒకదాని మీద వేలు పెట్టింది.

"గిది నాది."

"ఎట్ల తెలుసు?" అన్నాను వెనకనుంచి, ఆపుకోలేక.

"తెల్వది సార్. మంచి జాగల ఉంది. చుట్టూ మనుషులున్నరు."

హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. నానమ్మ కుర్చీలోంచి లేచి వాళ్ల భాషలో గట్టిగా ఏదో అంది. అమ్మాయి నవ్వు ఆపుకుంటూ మాకు తెలుగులో చెప్పింది.

"పక్క చుక్క తనకు కావాలంటుంది మేడం. అంత దూరం వచ్చి, ఒంటి మీది సొమ్మంత ఇప్పి కూసున్న, నాకు ఒక్కటి గూడ ఇయ్యరా అంటుంది."

డాక్టరమ్మ తెర వైపు చూసింది, ముసలామె వైపు చూసింది. "తీసుకో అవ్వా," అంది.

నానమ్మ గలగలమంటూ వెళ్లి, మనుమరాలి వేలి పక్కనే తన వేలు పెట్టి నిలబడింది. ఆ చుక్క అసలు ఎవరిదో, ఆ మనిషి అదే హాల్లో కూర్చొని సమోసా తింటూ ఉండి ఉంటాడు. అడగడానికి మాత్రం ఎవరూ లేవలేదు.